కుక్కకు దురద: మూలం ఎక్కడ, వెతికే వరుస ఏది

నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని, వెనక కాలితో చెవి కింద నాలుగుసార్లు గీరుకుని తన దారిన వెళ్లిపోయే కుక్క గురించి బెంగ అక్కర్లేదు. తింటూ తింటూ గిన్నె వదిలేసి గోక్కునే కుక్క, ఆట మధ్యలో చతికిలబడి పాదాలు కొరుక్కునే కుక్క, రాత్రంతా మెడపట్టీ గలగలతో ఇంట్లో ఎవరినీ పడుకోనివ్వని కుక్క సంగతి వేరు. దురద అంటే గోక్కోవడం ఒక్కటే అనుకోవడం వల్ల చాలామంది మొదటి కొన్ని నెలలు దాన్ని పట్టించుకోరు. పాదాలు అదేపనిగా నాకడం, మూతిని తివాచీకేసి రుద్దడం, తల విదిలించడం, పిర్రల మీద కూర్చుని నేల మీద ఈడ్చుకుపోవడం, ముందు పళ్లతో తొడ మీది చర్మాన్ని పట్టి కొరుక్కోవడం కూడా దురద కిందికే వస్తాయి. శుభ్రం చేసుకుంటోందని ముచ్చటపడే పాదాల నాకుడు చాలాసార్లు అలర్జీకి తొలి గుర్తు. లేత రంగు బొచ్చున్న కుక్కకు వేళ్ల సందుల్లో తుప్పురంగు మరక పడిందంటే, లాలాజలంలోని రంగు పదార్థం అక్కడ పట్టేసిందన్నమాట. ఆ నాకుడు నిన్న మొన్నటిది కాదు.

దురద పుట్టించే మూలాలు నిజానికి మరీ ఎక్కువేమీ లేవు. ఒంటి మీది పురుగులు, చర్మం మీద అదుపు తప్పి పెరిగిన సూక్ష్మజీవులు, తిండిలో ఏదో పడకపోవడం, ఇంటి ధూళో పుప్పొడో పడకపోవడం. ఎక్కువ కేసులు ఈ నాలుగింటిలోనే తేలిపోతాయి. అసలు చిక్కు వేరే చోట ఉంది. నాలుగూ చివరికి ఒకేలా కనిపిస్తాయి. ఎర్రబారిన చర్మం, ఊడిన బొచ్చు, గోళ్ల గాట్లు, పక్కులు, ఒక రకం వాసన. చర్మానికి వచ్చిన మాటలు కొన్నే. ఏ బాధ కలిగినా వాటితోనే చెబుతుంది. అందుకే ఫొటో చూసి రోగం పేరు చెప్పడం దాదాపు అసాధ్యం.

రెండో చిక్కు, ఈ మూలాలు ఒకదాని మీద ఒకటి పేరుకోవడం. ఒక కుండను ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. పుప్పొడి దాన్ని సగం నింపుతుంది. బొచ్చులో దాగి రక్తం పీల్చే ఫ్లీ పురుగులు నాలుగు చేరితే ఇంకో పావు. గోకుడు వల్ల తెగిన చర్మంలో బ్యాక్టీరియా చేరి మిగతాది నింపితే కుండ పొర్లుతుంది. కుక్క గోక్కోవడం మొదలుపెడుతుంది. ఇందులో ఏ ఒక్కటి తీసేసినా నీరు అంచు కిందికి దిగి దురద ఆగవచ్చు. ఇది ఊరటే, కానీ మోసం కూడా ఇందులోనే ఉంది. ఆగడానికి ముందు చివరగా ఏం మార్చారో దానికే ఘనత దక్కుతుంది. తిండి మార్చిన వారంలోనే పుప్పొడి కాలం ముగిసిందనుకోండి, ఆ తిండి జీవితాంతం మందైపోతుంది. షాంపూ మార్చిన రోజే వైద్యుడు స్టెరాయిడ్ సూది కూడా వేసి ఉంటే, పేరు షాంపూకే. దురద విషయంలో ఇంటింటా వినిపించే అనుభవ వైద్యంలో చాలా భాగం ఇలా పుట్టిందే.

కాబట్టి మూలం వెతకడానికి ఒక వరుస కావాలి. తేలిగ్గా తీసేయగలిగినవి ముందు, రుజువు చేయడం కష్టమైనవి ఆఖరున. పురుగులు, ఆ తర్వాత ఇన్ఫెక్షన్లు, ఆ తర్వాత తిండి, అన్నీ పోయాక మిగిలేది పరిసరాల అలర్జీ. ఈ వరుసను తలకిందులు చేసి, రక్త పరీక్షతోనో ఖరీదైన తిండితోనో మొదలుపెట్టడమే నెలల తరబడి తిప్పలకు ముఖ్య కారణం.

ఒళ్లే పటం

పరీక్షల కంటే ముందు కుక్క ఒంటి మీదే కొంత సమాచారం రాసి ఉంటుంది. నడుము కింది భాగం, తోక మొదలు, వెనక తొడలు దురద పెడుతుంటే అనుమానం ముందుగా ఫ్లీ పురుగుల మీదికి పోవాలి. చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమలు, పొట్ట అయితే గజ్జి పురుగు. ముందు పాదాలు, మూతి, కళ్ల చుట్టూ, చంకలు, గజ్జలు, చెవి లోపలి భాగం అయితే అలర్జీ. అది తిండిదా ధూళిదా అన్నది చోటును బట్టి తేలదు. ఆసనం చుట్టూ దురద ఉంటే తిండి అలర్జీతో పాటు ఆసన గ్రంథులు నిండిపోవడం, నులిపురుగులు కూడా లెక్కలోకి వస్తాయి. బొచ్చు పలచగా ఉండే పొట్ట కింది భాగం మాత్రమే ఎర్రబడితే, కుక్క పడుకునే చోట ఏదో తగిలి రేగిందేమో చూడాలి. పొట్టి మూతి జాతుల్లో ముఖం మడతల్లోనూ, ముడతల చర్మమున్న జాతుల్లోనూ తేమ నిలిచి, అక్కడే ఈస్ట్ అనే బూజు జాతి సూక్ష్మజీవి పెరుగుతుంది.

చోటుతో సమానంగా విలువైనది కాలం. దురద మొదలైనప్పుడు కుక్క వయసెంత? ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు అయితే పరిసరాల అలర్జీకి అది సరైన వయసు. ఆరు నెలల లోపు పిల్లలో, లేదా ఏడేళ్లు దాటాక జీవితంలో తొలిసారి దురద వస్తే దారి మారుతుంది. ఏటా ఒకే రుతువులో వచ్చి పోతుంటే పుప్పొడో ఫ్లీ పురుగులో. ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంటే ఇంటి ధూళో తిండో. ఇంకో ప్రశ్న చాలామందికి తట్టనిది: దురద ముందా, మచ్చ ముందా? చర్మం శుభ్రంగా ఉండగానే గోకుడు మొదలై, తర్వాత ఎర్రబడితే అలర్జీ వైపు మొగ్గు. పొక్కులో జిడ్డో ముందు కనిపించి, తర్వాత గోకుడు మొదలైతే ఇన్ఫెక్షన్ వైపు. ఇంట్లో మరో జంతువు గోక్కుంటోందా, మనుషుల చేతుల మీదో నడుము మీదో ఎర్రటి దద్దుర్లు లేచాయా అన్నది కూడా అడగాలి. వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ జవాబులు ఒక కాగితం మీద రాసుకుని వెళితే సగం పని అయినట్టే. దురదను సున్నా నుంచి పది వరకు ఉండే కొలత మీద వారానికోసారి గుర్తు పెట్టుకుంటే ఇంకా మంచిది. సున్నా అంటే దురదే లేదు, పది అంటే ఎడతెరిపి లేని గోకుడు. 'కాస్త తగ్గినట్టుంది' అన్న మాట కంటే 'ఎనిమిది నుంచి ఐదుకు వచ్చింది' అన్న మాట వైద్యుడికి చాలా చెబుతుంది.

కనిపించని పురుగు

ఫ్లీ పురుగుల మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటే: మా కుక్క మీద ఒక్కటీ కనిపించలేదు. ఈ జవాబుకు విలువ తక్కువ. ఫ్లీ అలర్జీ ఉన్న కుక్కకు ఆ పురుగు లాలాజలమే పడదు. నాలుగైదు కాట్లు చాలు, వారాలపాటు రేగడానికి. అలాంటి కుక్క విపరీతంగా నాక్కుని, కొరుక్కుని, ఉన్న ఒకటి రెండు పురుగుల్ని మింగేస్తుంది. అంటే అలర్జీ ఎంత ఎక్కువైతే పురుగు కనిపించే అవకాశం అంత తక్కువ. ఒంటి నిండా పురుగులు పాకుతున్నా నిమ్మళంగా పడుకునే కుక్కలూ ఉంటాయి; వాటికి ఆ అలర్జీ లేదు, అంతే.

కుక్కల మీద ఎక్కువగా కనిపించేది, పేరులో పిల్లి ఉన్నా, క్టెనోసెఫాలిడిస్ ఫెలిస్ అనే పిల్లి ఫ్లీ. ఆడ పురుగు రోజుకు 40 నుంచి 50 దాకా గుడ్లు పెడుతుంది. అవి బొచ్చుకు అంటుకుని ఉండవు, జారి కింద పడతాయి. కుక్క పడుకునే పరుపు, సోఫా సందులు, నేల పగుళ్లు వాటి అసలు నివాసం. ఏ సమయంలోనైనా ఇంట్లో ఉన్న మొత్తం ఫ్లీ సంతతిలో కుక్క మీద ఉండే పెద్ద పురుగులు సుమారు 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లు, లార్వాలు, ప్యూపాల రూపంలో పరిసరాల్లో దాగి ఉంటాయి. ప్యూపా గూడుకు పురుగుమందు సరిగా అందదు. అందులోని పురుగు నెలలపాటు ఎదురుచూసి, వేడి, కదలిక, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే బయటికి దూకగలదు. అందుకే ఒక్కసారి మందు వేసి 'చేశాం, తగ్గలేదు' అనడం కుదరదు. ఇంట్లోని కుక్కలూ పిల్లులూ అన్నిటికీ, కనీసం మూడు నెలలు విడవకుండా వేస్తేనే ఆ గొలుసు తెగుతుంది. పరుపు గుడ్డల్ని వేడినీళ్లలో ఉతకడం, వాక్యూమ్ క్లీనర్ పట్టడం మందుతో పాటు సాగాలి.

పురుగు దొరక్కపోయినా దాని జాడ దొరకవచ్చు. సన్నటి పళ్ల ఫ్లీ దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి తెల్ల కాగితం మీద వేయాలి. మట్టి అయితే నల్లగానే ఉంటుంది. ఫ్లీ మలమైతే చుట్టూ ఎర్రటి గోధుమరంగు వలయం పాకుతుంది, ఎందుకంటే అది జీర్ణమైన రక్తమే. కుక్క మలంలోనో తోక కిందనో బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అది కూడా పరోక్ష సాక్ష్యం. ఆ బద్దెపురుగు సాధారణంగా ఫ్లీని మింగడం వల్లే వస్తుంది.

ఫ్లురలానర్, అఫోక్సోలానర్, సరోలానర్, లోటిలానర్ అనే ఐసోక్సజోలిన్ మందులు వచ్చాక ఈ మెట్టు దాటడం చాలా సులువైంది. ఫ్లీలకూ పిడుదులకూ పనిచేసే ఈ నమిలే మాత్రలు నెలకోసారి, ఫ్లురలానర్ అయితే సుమారు 12 వారాలకోసారి. అరుదుగా వణుకు, మూర్ఛ వంటి నరాల సమస్యలు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. కాబట్టి మూర్ఛ చరిత్ర ఉన్న కుక్క విషయంలో వైద్యుడికి ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంట్లో పిల్లి ఉంటే మరో జాగ్రత్త ఉంది. కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ చుక్కల మందు పిల్లికి ప్రాణాంతకం.

గజ్జి పురుగు సార్కోప్టిస్ కథ దీనికి కొంచెం భిన్నం. అది చర్మంలోకి తొలుచుకుని పోతుంది. దురద భయంకరంగా ఉంటుంది, స్టెరాయిడ్ వేసినా సరిగా లొంగదు, ఇంట్లో మనుషులకూ తాత్కాలికంగా అంటుకుంటుంది. చెవి అంచును రెండు వేళ్ల మధ్య మెల్లగా రుద్దితే వెనక కాలు దానంతట అదే గోకినట్టు ఆడడం దీనికి ఒక ముఖ్యమైన సూచన. చర్మాన్ని గీకి మైక్రోస్కోప్ కింద చూసినా చాలాసార్లు పురుగు చిక్కదు; కుక్క ఒంటి మీద అవి ఉండేదే కొద్ది. పరీక్షలో లేదని తేలినా గజ్జి లేనట్టు కాదు. అందుకే అనుమానం బలంగా ఉంటే వైద్యులు ముందు మందు వేసేస్తారు, తగ్గితే అదే నిర్ధారణ. పురుగులు చచ్చాక కూడా దురద కొన్ని వారాలు ఉండవచ్చు. ఆ వ్యవధిలో మందు పనిచేయలేదని తీర్మానించకూడదు. పాత పద్ధతిలో ఎక్కువ మోతాదు ఐవర్‌మెక్టిన్ వాడేటప్పుడు కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ వంటి జాతులకు ముప్పు ఉంది. వాటిలో చాలావాటికి ఒక జన్యు లోపం వల్ల ఆ మందు మెదడులోకి చేరుతుంది.

డెమోడెక్స్ గురించి రెండు మాటలు చాలు. బొచ్చు కుదుళ్లలో ఉండే ఈ పురుగు బొచ్చు రాల్చుతుంది గానీ, ఇన్ఫెక్షన్ తోడైతే తప్ప పెద్దగా దురద పెట్టదు. పేలు, నడిచే చుండ్రులా కనిపించే షైలెటియెల్లా, చెవి పురుగులు కూడా ఉన్నాయి. సరైన ఫ్లీ మందు చాలావరకు వీటినీ లొంగదీస్తుంది.

వాసన చెప్పే సంగతి

పురుగుల మెట్టు దాటాక చూడాల్సింది స్టాఫిలోకోకస్ సూడింటర్మీడియస్ అనే బ్యాక్టీరియా, మలసీజియా అనే ఈస్ట్. రెండూ ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మం మీద కూడా ఉంటాయి. బయటినుంచి వచ్చి పడిన శత్రువులు కావు. చర్మం కంచె దెబ్బతిన్నప్పుడు హద్దు మీరే ఇంటివాళ్లు. బ్యాక్టీరియా అయితే చిన్న చిన్న ఎర్ర పొక్కులు, చీము పొక్కులు, అవి చితికాక అంచున పొర లేచిన గుండ్రటి మచ్చలు. ఈ గుండ్రటి మచ్చను చూసి తామర అనుకుని వారాలపాటు తామర మందు రాసేవాళ్లు తక్కువేం కాదు. ఈస్ట్ అయితే జిడ్డు, పులిసిన వాసన, పాదాల మధ్య గోధుమరంగు, ఎక్కువకాలం సాగితే నల్లబడి ఏనుగు తోలులా మందమైన చర్మం.

పారదర్శకమైన టేపు ముక్కను చర్మానికి అతికించి తీసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెడితే కొన్ని నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. బ్యాక్టీరియా గుండ్రటి చుక్కల్లా, ఈస్ట్ వేరుశనగ కాయ ఆకారంలో కనిపిస్తాయి. దురదతో వచ్చిన ప్రతి కుక్కకూ చేయాల్సిన ఈ చౌక పరీక్ష చేయకుండానే యాంటీబయాటిక్ రాసే అలవాటు చర్మవైద్యాన్ని పట్టిన పెద్ద జబ్బు. అనేక యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫిలోకోకస్ రకాలు కుక్కల్లో పెరగడంతో, పైపై ఇన్ఫెక్షన్‌కు ముందు స్నానంతోనే చికిత్స చేయాలన్న ధోరణి బలపడింది. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ, ఈస్ట్ ఉంటే మైకోనజోల్ కూడా కలిసినది, వారానికి రెండుసార్లు. ఇక్కడ ఒక చిన్న లోపం మొత్తం చికిత్సను పాడు చేస్తుంది. షాంపూ నురగ పది నిమిషాలు చర్మం మీద ఉండాలి. రెండు నిమిషాల్లో కడిగేస్తే మందు నీళ్లలోనే పోతుంది. గడియారం చూసుకోవాల్సిందే, అంచనాగా పది నిమిషాలు అనుకున్నది మూడు నిమిషాలు దాటదు.

ఇన్ఫెక్షన్ తగ్గాక దురద పూర్తిగా పోతే కథ అక్కడితో అయిపోవచ్చు. సగమే తగ్గితే, లేదా నెల తిరక్కుండా ఇన్ఫెక్షన్ మళ్లీ వస్తే, కంచెను తెంచుతున్నది వెనక ఇంకోటి ఉంది. పదే పదే చెవిపోటు వచ్చే కుక్కది కూడా ఇదే లెక్క. చెవి మందు మార్చుకుంటూ పోవడం కాదు, అలర్జీ వైపు చూడాలి.

తిండిని నిందించే ముందు

దురద అనగానే తిండి మార్చడం అందరికీ తోచే మొదటి పని, సరిగా చేసేవాళ్లు మాత్రం అరుదు. తిండి అలర్జీ అంటే కొత్త తిండి పడకపోవడమే అన్న అపోహ దీనికి మూలం. ఏళ్ల తరబడి తింటున్న తిండికే అలర్జీ పుడుతుంది. 2016లో వెలువడిన ఒక సమీక్ష 297 కుక్కల వివరాలను కూడితే, కారణంగా తేలినవాటిలో గొడ్డు మాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13, గొర్రె మాంసం 5 శాతం. ధాన్యం లేని తిండి అంటూ జరిగే ప్రచారం ఈ లెక్క ముందు వెలవెలబోతుంది. ముద్దాయి సాధారణంగా గింజ కాదు, మాంసకృత్తి.

దీన్ని రక్తం, లాలాజలం, వెంట్రుక పరీక్షలతో తేల్చలేం. అవి అమ్ముడవుతున్నాయి గానీ, నమ్మదగ్గవి కావు. ఉన్న ఒకే దారి, పాత తిండిని పూర్తిగా మానిపించి చూసే తొలగింపు ఆహార పరీక్ష. కుక్క ఇంతవరకు ఎన్నడూ తినని ఒక మాంసకృత్తితోనో, శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టిన హైడ్రోలైజ్డ్ ఆహారంతోనో ఎనిమిది వారాలు గడపాలి. ఎందుకు ఎనిమిది? తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో ఐదు వారాలకు 80 శాతం పైగా, ఎనిమిది వారాలకు 90 శాతం పైగా తేరుకుంటాయని 2015 నాటి సమీక్ష తేల్చింది. రెండు వారాలు చూసి లాభం లేదనడం అంటే ఉడకని అన్నం చూసి బియ్యం మంచివి కావనడమే.

ఈ ఎనిమిది వారాల్లో తిండి తప్ప మరేదీ నోట్లో పడకూడదు. చెప్పినంత సులువు కాదిది. మాంసం రుచి కలిపిన నమిలే మాత్రలు, కుక్కల టూత్‌పేస్ట్, జెలటిన్ గొట్టాల్లోని మందులు, మాత్ర మింగించడానికి చుట్టిన వెన్నముక్క, పక్కనున్న పిల్లి గిన్నె, పిల్లాడి చేతి నుంచి రాలిన బిస్కెట్... వీటిలో ఏ ఒక్కటైనా పరీక్షను మొదటికి తెస్తుంది. ఇంట్లో ఒక్క మెత్తని మనసున్న తాతగారు చాలు. దుకాణంలో దొరికే 'ఒకే మాంసకృత్తి' తిండి కూడా నమ్మకం లేనిది. అలాంటి పొట్లాల్లో లేబుల్ మీద లేని మాంసకృత్తులు ఉన్నట్టు పలు పరీక్షల్లో బయటపడింది.

దురద తగ్గిందనుకుందాం. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పాత తిండి మళ్లీ పెట్టి చూడకపోతే తేలింది ఏమీ లేదు. కుండ సంగతి గుర్తుంది కదా, తగ్గించింది రుతువు కావచ్చు, అదే సమయంలో వేసిన ఫ్లీ మందు కావచ్చు. పాత తిండి పెట్టాక కొన్ని గంటల నుంచి రెండు వారాల లోపు గోకుడు తిరగబెడితే, కొత్తదానికి మార్చగానే మళ్లీ తగ్గితే, అప్పుడే అది తిండి అలర్జీ. తేరుకున్న కుక్కను మళ్లీ దురదలోకి నెట్టడానికి మనసొప్పదు. అయినా ఆ రెండు వారాల కష్టం, ఏళ్లపాటు అనవసరంగా కట్టుబడే ఆంక్షను తప్పిస్తుంది.

మిగిలినది

పురుగులు పోయి, ఇన్ఫెక్షన్ తగ్గి, తిండి నిర్దోషి అని తేలాక కూడా కుక్క గోక్కుంటుంటే దాన్ని అటోపిక్ డెర్మటైటిస్, క్లుప్తంగా అటోపీ, అంటారు; ముందు చెప్పిన పరిసరాల అలర్జీ ఇదే. ఇది పరీక్షతో నిర్ధారించే రోగం కాదు, అన్నీ తీసేయగా మిగిలే పేరు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బాక్సర్, వెస్ట్ హైలాండ్ వైట్ టెరియర్ జాతుల్లో ఎక్కువ. చర్మం కంచె పుట్టుకతోనే బలహీనంగా ఉండి, ఇంటి ధూళి పురుగులు, పుప్పొడి, బూజు వంటివి చర్మం గుండానే లోపలికి చేరి రోగనిరోధక వ్యవస్థను రేపుతాయి.

వైద్యులకు తోడుగా ఉండే కొలబద్ద ఒకటి 2010లో వచ్చింది. క్లాడ్ ఫావ్రో బృందం రూపొందించిన ఎనిమిది ప్రశ్నలవి: మూడేళ్ల లోపు మొదలైందా, ఎక్కువగా ఇంట్లోనే ఉండే కుక్కా, స్టెరాయిడ్‌కు తగ్గుతోందా, ఈస్ట్ పదే పదే వస్తోందా, ముందు పాదాలకు ఉందా, చెవి డొప్పలకు ఉందా, చెవి అంచులు బాగున్నాయా, నడుము మీద చర్మం బాగుందా. ఐదింటికి అవునని జవాబొస్తే అటోపీని సుమారు 85 శాతం కేసుల్లో పట్టగలుగుతుంది. అటోపీ లేని కుక్కల్ని సుమారు 79 శాతం సరిగా పక్కన పెడుతుంది. అంటే ఐదింటిలో ఒకదాన్ని పొరబడుతుంది. పురుగుల మెట్టు దాటకుండా ఈ పట్టికను వాడడం అందుకే ప్రమాదం. చివరి రెండు ప్రశ్నలు ఊరికే పెట్టినవి కావు, ఒకటి గజ్జిని, రెండోది ఫ్లీని పక్కకు నెట్టడానికే.

అలర్జీ రక్త పరీక్ష, చర్మంలో చుక్కలెక్కించే పరీక్ష ఎందుకున్నట్టు మరి? అటోపీ ఉందా లేదా చెప్పడానికి కాదు; దురద లేని కుక్కల్లోనూ అవి పాజిటివ్ రావచ్చు. ఉందని తేలాక, ఏ పదార్థాలతో ఇమ్యునోథెరపీ ఇవ్వాలో ఎంచుకోవడానికి. పడని పదార్థాన్ని కొద్ది కొద్దిగా ఇస్తూ శరీరాన్ని అలవాటు చేసే ఈ పద్ధతి కొత్తదేం కాదు. పుప్పొడి పడని ఒక కుక్కకు ఇలా చికిత్స చేసిన వివరం 1941లోనే వైద్య పత్రికకెక్కింది. ఫలితానికి ఏడాది దాకా పడుతుంది, అన్ని కుక్కలకూ పనిచేయదు. అయినా దురదను కప్పిపుచ్చకుండా రోగం నడకనే మార్చే అవకాశమున్న చికిత్స ఇదొక్కటే.

ఈలోగా ఉపశమనం

మూలం తేలే దాకా కుక్కను గోక్కోనివ్వాలా? అక్కర్లేదు. గోకుడు చర్మాన్ని తెంచుతుంది, తెగిన చర్మం మరింత దురద పెడుతుంది. ఈ చక్రాన్ని ఆపడం కూడా చికిత్సే. ఏ మందు ఏ మెట్టు మీద వేశామో గుర్తుంటే చాలు.

ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌లు గంటల్లో పనిచేస్తాయి, చౌక. కొద్ది రోజులకు మంచి మందు, నెలల తరబడి వాడితే చెడ్డ మందు. దాహం, మూత్రం, ఆకలి పెరగడం మొదటి వారంలోనే కనిపిస్తుంది. తర్వాత కండరాలు కరుగుతాయి, చర్మం పలచబడుతుంది, ఇన్ఫెక్షన్‌లకు తలుపు తెరుచుకుంటుంది. నొప్పి మాత్రలతో కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడే ముప్పు ఉంది. ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే.

దురద సందేశాన్ని నరాలకు చేరవేసేవాటిలో ఇంటర్‌ల్యూకిన్-31 అనే మాంసకృత్తి ముఖ్యమైనదని తేలడం ఈ రంగంలో పెద్ద మలుపు. ఆరోగ్యంగా ఉన్న బీగిల్ కుక్కలకు దాన్ని ఎక్కిస్తే గోక్కోవడం మొదలుపెట్టాయని 2013లో వెలువడిన పరిశోధన చూపింది. అదే ఏడాది అమెరికాలో అనుమతి పొందిన ఓక్లాసిటినిబ్ మాత్ర, ఆ సందేశం కణం లోపలికి చేరే దారిని అడ్డుకుంటుంది. ఒక రోజులోనే తేడా తెలుస్తుంది. ఏడాది నిండని కుక్కలకు, తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నవాటికి ఇవ్వకూడదు. లోకివెట్‌మాబ్ సూదిమందు ఇంటర్‌ల్యూకిన్-31నే పట్టి బంధించే యాంటీబాడీ. ఒక్క సూది నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. అది ఆపేది దురదనే, ఇన్ఫెక్షన్‌ను కాదు. రోగనిరోధక వ్యవస్థను అణిచే సైక్లోస్పోరిన్ మందు పూర్తిగా పట్టు చిక్కించుకోవడానికి నెలో నెలన్నరో పడుతుంది. మనుషులు వాడే అలర్జీ మాత్రలు కుక్కల దురదకు పెద్దగా పనిచేయవు. జలుబు మందు కలిసిన రకాలైతే విషమే, వాటిలోని సూడోఎఫెడ్రిన్ చిన్న మోతాదులోనూ కుక్క గుండెను దెబ్బతీస్తుంది. చేపనూనెలోని ఒమేగా-3 మేలు చేస్తుంది గానీ రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఇంట్లో ఉన్నది రాసేద్దాం అనిపించడం సహజం. ఇక్కడ తప్పు జరిగేది, కుక్క నాకుతుందన్న సంగతి మరిచిపోవడం వల్ల. జింక్ ఆక్సైడ్ క్రీములు, సోరియాసిస్‌కు వాడే కాల్సిపోట్రీన్, నొప్పి క్రీములు, టీ ట్రీ నూనె కడుపులోకి పోతే ప్రమాదం. మనుషుల షాంపూ కూడా పనికిరాదు. మన చర్మం ఆమ్లత సుమారు 5.5 పీహెచ్ దగ్గర ఉంటే కుక్కది 7కు దగ్గరగా ఉంటుంది, దాని పైపొర మన దానికంటే చాలా పలచన. గోరువెచ్చని నీళ్ల కంటే చల్లని నీళ్లతో స్నానం దురదను ఎక్కువ తగ్గిస్తుంది. బయట తిరిగొచ్చాక పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడిస్తే పుప్పొడి పోతుంది. వేళ్ల సందులు ఆరబెట్టడం మరవకూడదు, తడి ఉంటే ఈస్ట్ మళ్లీ వస్తుంది.

కొన్ని సందర్భాల్లో వరుస పక్కన పెట్టి వెంటనే వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. ఉన్నట్టుండి మూతి వాచి ఒళ్లంతా దద్దుర్లు లేవడం, కొన్ని గంటల్లో అరచేయంత తడి పుండు పడడం, జ్వరంతో తిండి మానేయడం. ముసలి కుక్కకు తొలిసారి దురద వచ్చి, చర్మం ఎర్రగా పొట్టు లేస్తుంటే చర్మ క్యాన్సర్ కూడా కావచ్చు కాబట్టి ముక్క తీసి పరీక్షించడం ఆలస్యం కాకూడదు.

అదుపులోకి వచ్చి ఏడాది హాయిగా గడిచాక, ఒక్క వారంలో దురద రెండు నుంచి ఏడుకు ఎగబాకితే మందు పనిచేయడం మానేసిందన్న అనుమానమే ముందు వస్తుంది. చాలాసార్లు మందు తప్పేమీ ఉండదు, కుండలోకి కొత్త నీరు వచ్చి ఉంటుంది. మూడు వారాలు ఆలస్యమైన ఫ్లీ మాత్ర, చెవిలో మళ్లీ తలెత్తిన ఈస్ట్, చుట్టం వచ్చినప్పుడు పెట్టిన మాంసం ముక్క. మోతాదు పెంచమని అడిగే ముందు తోక మొదట్లో ఫ్లీ దువ్వెన, చంకలో ఒక టేపు ముక్క, చెవిలోంచి దూదిపుల్లతో తీసిన కాస్త గులిమి. మొత్తం పావుగంట పని.